గాండ్ల వీధి పెట్టెలో చెరపని పేజీ

పెద్దవంక పురపాలక సంఘంలో గాండ్ల వీధి మొదట్లో ఒక ఇనుప పెట్టె ఉంది. అందులోని సమాచారాన్ని ఇంతవరకు ఒక్కసారి కూడా చెరపలేదు. పురపాలక సంఘం ఈ సంగతిని తన వార్షిక నివేదికలో సాధించిన విజయాల కింద చూపింది.

పెట్టె పని వీధికి నీళ్ళు వదలడం. అంతకుముందు ఆ పని ఒక మనిషి చేసేవాడు. ఆయన రిటైరయ్యాక ఆ ఉద్యోగాన్ని ఎవరూ భర్తీ చేయలేదు. కమిషనర్ త్రివిక్రమరావు రాజధానిలో ఒక సదస్సుకు వెళ్ళి వచ్చి, మనిషి బదులు యంత్రం పెడతామన్నాడు. ప్రయోగానికి గాండ్ల వీధిని ఎంచుకున్నారు. మిగతా వీధుల్లో జనమే వంతులు వేసుకుని వాల్వులు తిప్పుకుంటున్నారు.

పెట్టెలో ఒక చిప్, ఒక గడియారం, వాల్వు తిప్పే మోటారు ఉంటాయి. వాల్వు ఏ వేళకు, ఎంతసేపు తెరవాలో చిప్‌లో రాసి ఉంటుంది. ఎండాకాలంలో ట్యాంకు మట్టాన్ని బట్టి ఆ వేళ తరచుగా మారుతుంది. నీటి విభాగం కొత్త వేళ పంపిస్తే చిప్ రాసుకుంటుంది. కరెంటు పోయినా మరిచిపోదు.

ప్రారంభోత్సవానికి ముందురోజు కమిషనర్ గదిలో సమావేశం జరిగింది. పెట్టెను తయారుచేసిన కంపెనీ నుంచి ప్రసూన అనే ఇంజనీరు వచ్చింది. ఆడిట్ సూపరింటెండెంట్ భీమలింగప్ప కూడా ఉన్నాడు. తన సర్వీసులో ఒక్క కాగితం పారేయలేదని ఆయనకు పేరు.

“టెండరులో ఈఈప్రామ్, అంటే ఒక్కో అంకెను విడిగా దిద్దుకునే మెమరీ, అని రాశాం. మీరు పెట్టింది అదేనా?” అని భీమలింగప్ప అడిగాడు.

“అలా పనిచేసేదే సార్. ఈ చిప్‌లో విడిగా ఈఈప్రామ్ ఉండదు, ఫ్లాష్ మెమరీ ఉంటుంది. దాని చేతే ఈఈప్రామ్ పని చేయిస్తాం. ఎమ్యులేషన్ అంటారు.”

“అంటే లేనిది ఉన్నట్టు.”

“మన ఆఫీసుల్లో ఇన్‌ఛార్జి ఉంటాడు చూడండి, అట్లాంటిది” అన్నాడు కమిషనర్.

“ఇన్‌ఛార్జికి పూర్తి అధికారాలు ఉండవు సార్” అని భీమలింగప్ప గుర్తుచేశాడు. ప్రసూన వైపు తిరిగాడు. “ఎట్లా పనిచేస్తుందో చెప్పండి.”

ప్రసూన తెల్లకాగితం తీసి గీతలు గీసింది. “ఇది ఒక పేజీ అనుకోండి సార్. ఫ్లాష్‌లో ఒక అంకెను విడిగా చెరిపి దిద్దడం కుదరదు. చెరిపితే పేజీ మొత్తం చెరపాల్సిందే. అందుకని వేళ మారినప్పుడు పాతదాన్ని ముట్టుకోం, దాని కిందే కొత్తది రాస్తాం. చదివేటప్పుడు అన్నిటికన్నా చివర రాసినదాన్ని తీసుకుంటాం. అలా రాస్తూ పోతే పేజీ నిండుతుంది. నిండాక, చివరి వేళను ఒక్కదాన్నే రెండో పేజీలోకి ఎత్తి రాసుకుని, మొదటి పేజీని తుడిచేస్తాం. రెండోది నిండితే మళ్ళీ మొదటిది. అంతే.”

“తుడిచేస్తాం అంటే ఎవరు?”

“చిప్పే సార్. దానంతట అదే.”

“ఎవరి అనుమతితో?”

ప్రసూన కమిషనర్ వైపు చూసింది. కమిషనర్ పైకప్పు వైపు చూశాడు.

పెట్టె ప్రారంభమైన వారానికి ఆడిట్ విభాగం నుంచి మెమో వెలువడింది. అందులో ఇలా ఉంది: “గాండ్ల వీధి యందు నెలకొల్పబడిన యంత్రము సమర్థాధికారి పూర్వానుమతి లేకుండ ప్రభుత్వ సమాచారమును స్వయముగా తుడిచివేయు స్వభావము కలిగియున్నట్లు దృష్టికి వచ్చినది. కావున యంత్రము ఇకపై ఏ పేజీని చెరపరాదు. పేజీ నిండినచో అనుమతి కోరి వేచియుండవలెను. మరియు మొదటి పంక్తి క్రింద వ్రాయబడిన పంక్తులన్నియు దిద్దుబాట్లుగా పరిగణింపబడును. పొట్టి సంతకము లేని దిద్దుబాటు చెల్లదు. కావున యంత్రము మొదటి పంక్తిని మాత్రమే ప్రమాణముగా గ్రహించవలెను.”

ఆఫీసు కాగితంలో ఏదైనా కొట్టేసి దిద్దితే, దిద్దినవాళ్ళు పక్కన పేరు పొడి అక్షరాలు వేయాలి. దాన్నే పొట్టి సంతకం అంటారు. అది లేకపోతే కొట్టేసిన పాత మాటే చెల్లుతుంది. భీమలింగప్ప ఈ పద్ధతిని చిప్‌కు వర్తింపజేశాడు.

ప్రసూన ఫోన్ చేసింది. “సార్, మొదటి పంక్తి మా వర్క్‌షాపులో మోటారు తిరుగుతుందో లేదో చూడడానికి నేను రాసింది. మధ్యాహ్నం ఒంటిగంటకు, నిమిషమున్నర సేపు.”

“మోటారు తిరిగిందా?”

“తిరిగింది సార్.”

“మరి ఇబ్బంది ఏముంది?”

ప్రసూన మెమో ప్రకారం చిప్‌ను మార్చింది. మరుసటి రోజు నుంచి గాండ్ల వీధికి మధ్యాహ్నం ఒంటిగంటకు నిమిషమున్నర సేపు నీళ్ళు వచ్చాయి. అందులో మొదటి నిమిషం గొట్టంలోని గాలి వచ్చింది.

ఆ వీధిలో సుంకులమ్మ ఉగ్గాని హోటలు నడుపుతుంది. పొద్దున్నే మార్కెట్ యార్డుకు వెళ్ళే హమాలీలు ఆమె దగ్గర ఉగ్గాని, బజ్జి తిని వెళతారు. ఉగ్గానికి బొరుగులను, అంటే మరమరాలను, నీళ్ళలో నానబెట్టి, గట్టిగా పిండి, తాలింపు వేయాలి. నీళ్ళు లేకపోతే బొరుగులు బొరుగులుగానే ఉంటాయి. ఆమె ఇల్లు ఆ హోటలు మీదే నడుస్తుంది. ఎదురుగా ఖాదర్ వలి సైకిలు పంచర్ల కొట్టు ఉంది.

“ఏమక్కా, పొద్దెక్కినా పొయ్యి ఎలిగించలేదే?” అని ఖాదర్ వలి అడిగాడు.

“బొరుగులు దేంట్లో నానబెట్టేదిరా, నీ పంచరు తొట్టిలోనా?”

“తొట్టిలో నీళ్ళు యాడుండాయక్కా? నిన్నటి నుంచి ట్యూబుల మీద ఉమ్మేసి చూస్తాండా.”

“నీకు ఉమ్మి చాల్తాది. నా గిరాకీకి చాలదు కదప్పా. మనోళ్ళంతా బస్టాండు హోటలుకు పోతాండారు. ఆడ నాలుగు దినాలు తిన్న్యారంటే మళ్ళా ఈ పక్కకు రారు.”

“అయితే పోయి అడుగు మున్సిపాలిటీలో.”

“అడగకుండా ఉంటానా?”

ఆమె ఖాళీ బిందె పట్టుకుని పురపాలక కార్యాలయానికి వెళ్ళింది. కమిషనర్ లేడు. భీమలింగప్ప ఆమెకు కుర్చీ చూపించాడు. ఆమె బిందెను కుర్చీలో పెట్టి నిలబడింది.

“సార్, పెట్టె పెట్టినప్పుడు పొద్దన్నే ఐదున్నరకు నీళ్ళొచ్చినాయి. బాగుండె. ఇప్పుడు మిట్టమద్యానం వస్తాండాయి. బిందె తీసుకోని కుళాయి కాడికి పోయేలోపల ఆగిపోతాండాయి.”

“అమ్మా, ఐదున్నర అనేది దిద్దుబాటు. దాని మీద ఎవరి సంతకమూ లేదు. రేపు ఎవరైనా అడిగితే ఆ నీళ్ళు ఎవరు వదిలినట్టు?”

“ఎవరొదిల్తే ఏమి సార్? తాగినోళ్ళం మేముండాము కదా సాక్షికి.”

“నోటిమాట చెల్లదమ్మా.”

“నోటితోనే కదా సార్ తాగేది?”

భీమలింగప్ప మెమో ప్రతిని తీసి మళ్ళీ చదివాడు. ఆయన జనం ఇబ్బంది పడాలని కోరుకునే మనిషి కాదు. దిద్దుబాటు చెల్లాలంటే సంతకం కావాలి, సంతకం చిప్‌లోనే ఉండాలి. ఆ సాయంత్రమే ప్రసూనకు ఉత్తరం వెళ్ళింది.

ప్రసూన ప్రతి అధికారికి ఒక అంకె కేటాయించింది. ఆఫీసు నుంచి కొత్త వేళ పంపినప్పుడు దాని కింద ఆ అధికారి అంకె కూడా చిప్‌లో పడుతుంది. అది పడితే వేళ చెల్లినట్టే. భీమలింగప్ప పరిశీలించి, అధికారికి బదిలీ కావచ్చు కనుక హోదా కూడా రాయాలన్నాడు. హోదా రాశాక, అది పూర్తి బాధ్యతా ఇన్‌ఛార్జి బాధ్యతా అన్నది తేలాలన్నాడు. తర్వాత తేదీ. తర్వాత ఆ సంతకాన్ని ఖాయం చేస్తూ పై అధికారి ప్రతిసంతకం. ప్రతిసంతకానికీ హోదా, బాధ్యత, తేదీ. వేళ ఒక పంక్తి. దాని కింద ధ్రువీకరణ బారుగా సాగింది.

“సార్, ఎండాకాలమంతా సరిపోవాల్సిన పేజీ ఇది. ఇట్లా రాస్తే వారం కూడా ఆగదు” అంది ప్రసూన.

“నిండడం మంచిదే కదా. పని జరుగుతున్నట్టు” అన్నాడు భీమలింగప్ప.

ఆ వారం వేళ రోజూ కొంచెం అటూ ఇటూ మారినా నీళ్ళు పొద్దున్నే వచ్చాయి. సుంకులమ్మ పొయ్యి వెలిగించింది. హమాలీల్లో సగం మంది తిరిగి వచ్చారు.

వారం తర్వాత ఒక పొద్దున నీళ్ళు రాలేదు. అంతకుముందు సాయంత్రం నీటి విభాగం కొత్త వేళ పంపింది. చిప్ దాన్ని రాసుకుంది. అధికారి సంతకం రాసుకుంది. ప్రతిసంతకం రాయబోయేసరికి పేజీ అయిపోయింది. ప్రతిసంతకం లేని కొత్త వేళ చెల్లదు, పాత వేళ మీద పాత తేదీ ఉంది కనుక అదీ చెల్లదు; చిప్ వాల్వు తెరవలేదు. పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది. ఆఫీసు కంప్యూటరుకు సందేశం వచ్చింది: పేజీ నిండింది, చెరపడానికి అనుమతి కావాలి.

మెమో ప్రకారం యంత్రం అనుమతి కోరి వేచి ఉంది.

అనుమతి ఇవ్వడానికి చెరిపివేత పరిశీలన సంఘం ఏర్పాటైంది. అధ్యక్షుడు భీమలింగప్ప. నీటి విభాగం నుంచి ఒకరు, న్యాయ సలహాదారు ఒకరు, చెరపడం శుభ్రపరచడం కిందికి వస్తుందన్న అభిప్రాయంతో పారిశుద్ధ్య విభాగం నుంచి ఒకరు సభ్యులు. “చెరిపివేత కోరుతూ అందిన ప్రతి అభ్యర్థనను అదే దినమున స్థలమునకు వెళ్ళి పరిశీలించవలెను” అని కమిషనర్ ఉత్తర్వు ఇచ్చాడు. జాప్యం ఉండకూడదని ఆయన ఉద్దేశం.

జవాబు వచ్చేవరకు రోజూ పొద్దున ఒకసారి అడిగేలా ప్రసూన యంత్రాన్ని తయారుచేసింది. ఆఫీసులో ప్రతి సందేశానికీ కొత్త నంబరు పడుతుంది. కొత్త నంబరు పడితే కొత్త అభ్యర్థన. అందువల్ల సంఘం రోజూ గాండ్ల వీధికి రావలసి వచ్చింది.

నీళ్ళు రాని వీధిలో అధికారులు కూర్చోవాలంటే నీళ్ళు కావాలి. తాగడానికి, చేతులు కడుక్కోవడానికి, దుమ్ము లేవకుండా చల్లడానికి. “సభ్యుల సౌకర్యార్థము” ఒక ట్యాంకరు పంపాలని నీటి విభాగం నిర్ణయించింది. అధికారులు రాకముందే చల్లడం పూర్తి కావాలి కనుక ట్యాంకరు తెల్లవారగానే వచ్చేది. అధికారులకు పట్టే నీళ్ళు ఎన్నో కావు. మిగిలినవాటిని వెనక్కి తీసుకెళ్ళాలంటే, విడుదల చేసిన నీటిని తిరిగి జమ చేసుకునే నిబంధన లేదు. డ్రైవరు వీధివాళ్ళ బిందెలు, డ్రమ్ములు నింపి వెళ్ళిపోయేవాడు.

సుంకులమ్మ డ్రమ్ము ట్యాంకరు ఆగే చోటికి దగ్గరగా జరిగింది.

మొదటి రోజు సంఘం పెట్టె తెరిపించి చూసింది.

“ఏదీ పేజీ?” అన్నాడు భీమలింగప్ప.

“ఈ నల్ల ముక్క లోపల సార్” అంది ప్రసూన.

“కంటితో చూడకుండా చెరపమని ఎట్లా రాసేది?”

“చూసినట్టు రాయొచ్చు” అన్నాడు న్యాయ సలహాదారు.

“చూసినట్టు రాస్తే అదీ ఎమ్యులేషనే.”

పేజీలో ఉన్నదంతా కాగితం మీద అచ్చువేసి తేవాలని నిర్ణయించి, సంఘం సుంకులమ్మ బల్లల మీద కూర్చుని ఉగ్గాని తిన్నది. భీమలింగప్ప బజ్జి రెండోసారి అడిగాడు.

రెండో రోజు అచ్చు వచ్చింది. అందులో సంతకం ఉన్న ప్రతి అధికారినీ చెరపడానికి అభ్యంతరం ఉందా అని అడగాలన్నారు. వారిలో ఒకరు వేరే ఊరికి బదిలీ అయ్యారు. ఆయన జవాబు కోసం కొన్నాళ్ళు ఆగారు. సంఘం మాత్రం రోజూ వచ్చింది, ఎందుకంటే యంత్రం రోజూ అడిగింది.

అధికారులతో పని ఉన్నవాళ్ళు ఆఫీసుకు వెళ్ళడం మానేసి గాండ్ల వీధికి రాసాగారు. వాళ్ళూ బల్లల మీద కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళు ఊరికే కూర్చోరు కనుక తిన్నారు. హమాలీలు పూర్తిగా తిరిగి వచ్చారు. సుంకులమ్మ ఇంకో పొయ్యి పెట్టింది.

“అక్కా, నీ హోటలు కలెక్టరాఫీసు లెక్క అయిపోయె” అన్నాడు ఖాదర్ వలి.

“గమ్మునుండరా. దిష్టి తగుల్తాది.”

నెల తిరిగేసరికి సంఘం అసలు విషయానికి వచ్చింది.

“పాత వేళలు చెరిపినా సంతకాలు చెరపరాదు. అవి శాశ్వత స్వభావం కలవి. వాటన్నిటినీ రెండో పేజీకి ఎత్తి రాయాలి” అన్నాడు భీమలింగప్ప.

“అన్నీ ఎత్తి రాస్తే రెండో పేజీ వాటితోనే నిండిపోతుంది సార్. వేళ రాయడానికి చోటు ఉండదు” అంది ప్రసూన.

“వేళ ఈరోజు ఒకటి, రేపు ఒకటి. సంతకం మారదు. రెంటిలో ఏది భద్రపరచదగినది?”

“వాల్వు తెరవడానికి కావాల్సింది వేళ సార్.”

“వాల్వు సంగతి నీటి విభాగం చూసుకుంటుంది. ఇక చెరపడానికి అనుమతి ఇచ్చినట్టు కూడా చిప్‌లోనే నమోదు కావాలి.”

“చిప్‌లో చోటు లేదు సార్. చోటు లేకనే కదా చెరపడం.”

“చోటు లేకపోతే అనుమతి నమోదు కాదు. నమోదు కాని అనుమతి అనుమతి కాదు.”

ప్రసూన తన పళ్ళెంలోని ఉగ్గాని పూర్తి చేసింది. సుంకులమ్మ ఆమెకు ఇంకొంచెం వడ్డించింది. “తినమ్మా. మొగం పీక్కపోయె నీది” అంది.

ట్యాంకరు డీజిలు గురించి పైనుంచి కమిషనర్‌ను అడిగారు. ఆయన ఫైలు తెప్పించుకుని చదివాడు. చదవడానికి మూడు పూటలు పట్టింది. చివరికి తన ప్రత్యేకాధికారం వినియోగించి ఒక ఉత్తర్వు తయారుచేశాడు. పేజీని చెరుపుతారు. సంతకాలు ఇక ఉండవు. చిప్ మొదట్లో పనిచేసినట్టే చివరి వేళను చదువుతుంది. సంఘం రద్దవుతుంది. అభ్యంతరాలు ఉంటే శుక్రవారం లోపు తెలుపుకోవచ్చు. ఆఖరి వాక్యాన్ని, దాని కింది షరతులతో సహా, అలవాటు కొద్దీ రాశాడు. ప్రతి ఉత్తర్వులోనూ అది ఉంటుంది.

ఉత్తర్వు ప్రతిని పెట్టె మీద అంటించారు. ఖాదర్ వలి చదివి వీధి దాటి వచ్చాడు.

“నీకు కష్టాలు తీరెనక్కా. శనివారం నుంచి కుళాయిలో నీళ్ళు.”

సుంకులమ్మ బొరుగులు పిండుతూ ఉంది. “ఎంతసేపంట?”

“అరగంట. ట్యాంకులో తగ్గితే పావుగంట.”

“ట్యాంకరు?”

“ట్యాంకరు ఇంకెందుకొస్తాది? సార్లు రారు కదా.”

“సార్లూ రారు. సార్ల కోసరం వచ్చేటోళ్ళూ రారు.” ఆమె చేతులు తుడుచుకుంది. “పావుగంట నీళ్ళకు వీధంతా కొట్లాడుకోవాల. రెండు పొయ్యిలకు యాడ చాల్తాయి? ఒరేయ్ ఖాదరూ, నాకొక అర్జీ రాయి.”

“ఏమని?”

“చెరపాకండి అని.”

“దాన్లో ఏముండాదో నీకెరుకా?”

“సార్లకెరుకా?”

ఖాదర్ వలి రాశాడు. ఆమె వేలిముద్ర కాకుండా సంతకమే పెట్టింది. పొట్టిది కాదు, పూర్తిది.

శుక్రవారం కమిషనర్ గదిలో విచారణ జరిగింది. వచ్చిన అభ్యంతరం అదొక్కటే.

“ఏమమ్మా, నీళ్ళు రాలేదని అడిగింది నువ్వే. ఇస్తామంటే వద్దంటావా?” అన్నాడు కమిషనర్.

“నీళ్ళొద్దని అన్లేదు సార్. చెరపొద్దంటాండా. మా వీధికి ఎప్పుడెప్పుడు నీళ్ళొదిలినారో, ఎవరెవరు సంతకం పెట్టినారో అంతా దాంట్లోనే ఉండాదంట. దాన్ని తుడిచేసి, రేప్పొద్దన మీ వీధికి మేము నీళ్ళే ఇయ్యలేదు పొమ్మంటే మేమేం చూపించాల సార్?”

భీమలింగప్ప కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“సార్, నా సర్వీసులో రికార్డులు కాపాడమని అడగడానికి వచ్చిన పౌరులు లేరు. ఈమే మొదలు” అన్నాడు.

“బాగానే ఉంది. కానీ డీజిలు?”

న్యాయ సలహాదారు ఉత్తర్వు తీసి చదివాడు. పౌరుల నుంచి అభ్యంతరం వస్తే అది తేలేవరకు చెరపరాదు. అభ్యంతరాన్ని తేల్చవలసింది పరిశీలన సంఘం. తేల్చేవరకు సంఘం రద్దు కాదు. పరిశీలన స్థలంలోనే జరగాలి.

“ఇది ఎవరు రాశారు?” అని కమిషనర్ అడిగాడు.

“మీరే సార్.”

కమిషనర్ ఉత్తర్వు అందుకుని చివర తన సంతకం చూసుకున్నాడు. తర్వాత ట్యాంకరు డీజిలును “సమాచార పరిరక్షణ” పద్దు కిందికి మార్చమన్నాడు. ఆ పద్దు కింద ఖర్చును పైనుంచి ఎవరూ ప్రశ్నించలేదు. ప్రశంస వచ్చింది. ఒకసారి కూడా చెరపని యంత్రం మీ దగ్గరే ఉందట, వివరాలు పంపండి అని అడిగారు.

శనివారం తెల్లవారగానే ట్యాంకరు వచ్చింది. సంఘం తొమ్మిది గంటలకు వచ్చి సుంకులమ్మ అభ్యంతరాన్ని పరిశీలించడం మొదలుపెట్టింది. ఇప్పటికీ పరిశీలిస్తోంది. చిప్‌లో చివరి వేళ ప్రతిసంతకం లేకుండా ఉంది. ఎర్ర దీపం వెలుగుతోంది.

మిగతా వీధులవాళ్ళు ఈ మధ్య గాండ్ల వీధికి వచ్చి చూసి వెళుతున్నారు. వాళ్ళ వాల్వులు చేత్తో తిప్పితే తిరుగుతాయి. నీళ్ళు పావుగంట వస్తాయి. తమ వీధికీ ఒక పెట్టె మంజూరు చేయాలని వాళ్ళు అర్జీలు పెట్టుకుంటున్నారు. దీన్ని కమిషనర్ తన నివేదికలో సాంకేతికత పట్ల ప్రజల్లో పెరుగుతున్న ఆసక్తిగా నమోదు చేశాడు.

మొన్న కోట వీధి నుంచి ఇద్దరు ఆడవాళ్ళు సుంకులమ్మ దగ్గరకు వచ్చారు. ఆమె రెండు పొయ్యిల మధ్య కూర్చుని బజ్జీలు వేస్తోంది. సంఘం బల్ల మీద ఉంది.

“పెద్దమ్మా, మేమూ పెట్టె కావాలని అర్జీ పెడ్తాండాము. ఎట్ల రాయాల చెప్పు” అని ఒకామె అడిగింది.

సుంకులమ్మ సంఘం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“పెట్టె కావాలని రాయండి. మెమరీ మాత్రం పెద్దది అడగాకండి.”

“ఎందుకు?”

“చిన్నదైతే బిరీన నిండుతాది.”